‘పంచ్’ అను పానీయనామము – ఒక వ్యుత్పత్తి విమర్శ

పదముల పుట్టుకను వెదకుట మిక్కిలి వినోదకరమైన పని. వినోదకరమగుటచేతనే అది కొంత ప్రమాదకరమును అగుచున్నది. రెండు భాషలలోని రెండు మాటలు చెవికి ఒక్కటిగా వినిపించినంతనే ఒకదానినుండి మరియొకటి పుట్టినదని నిశ్చయించుట సులభము. ఆ నిశ్చయము మన భాషకు గౌరవము తెచ్చునదైనచో దానిని మరల పరీక్షించుటకు మనసొప్పదు. మన సంఘముల వార్షిక సంచికలలో ఇట్టి నిశ్చయములు తరచుగా కనబడుచున్నవి. అట్టివానిలో ఒక్క మాటను తీసికొని, దాని మంచిచెడ్డలను నిదానముగా విచారించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఆ మాట ‘పంచ్’. ఆంగ్లేయుల విందులలో పెద్ద గిన్నెలో కలిపి అందరికిని పోయు మిశ్రమ పానీయమునకు అది పేరు. సారాయి, చక్కెర, నిమ్మరసము, నీరు, సుగంధ ద్రవ్యము అను అయిదింటి కూడికయగుటచే, మన ‘పంచ’ శబ్దమునుండియే దానికా పేరు వచ్చినదని చెప్పుదురు. సభలో ఈ మాట చెప్పినచో చప్పట్లు తప్పక వినవచ్చును. చప్పట్లు సాక్ష్యము కావు గదా!

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసకర్త పానకమును, పదనీటిని దాటి మరి యే పానీయమును ఎరుగనివాడు. కావున రుచిని గూర్చి చెప్పగలిగినది ఏమియు లేదు. ఉద్యోగకాలమంతయు లెక్కల పుస్తకముల ముందు గడపినవాడగుటచే ఒక్క సూత్రమును మాత్రము ఎరుగును. రసీదు లేని పద్దు, మొత్తము సరిపోయినను, పద్దు కానేరదు. ఆ సూత్రమునే ఇచ్చట మాటలకు అన్వయింపదలచితిని.

మొదట ఈ వ్యుత్పత్తిని సమర్థించు వారి పక్షమును న్యాయముగా చెప్పవలెను. ఆంగ్లమున చేరిన భారతీయ పదములను గూర్చి యూల్, బర్నెల్ అను ఇద్దరు పండితులు కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అను నిఘంటువు 1886లో వెలువడినది. వీరిలో బర్నెల్ తంజావూరున న్యాయాధిపతిగా పనిచేసి, దక్షిణదేశ భాషలను శ్రద్ధతో అభ్యసించినవాడు. ఆ నిఘంటువు పంచ్ పదమునకు హిందుస్తానీ, మరాఠీ భాషలలోని ‘పాంచ్’ శబ్దమును, పారసీకమందలి ‘పంజ్’ శబ్దమును మూలముగా చెప్పు సంప్రదాయమును స్వీకరించినది. దానికి చూపిన ముఖ్యసాక్షి జాన్ ఫ్రయర్ అను వైద్యుడు. ఇతడు 1673లో మచిలీపట్నమునకును చెన్నపట్టణమునకును వచ్చి, పిదప పడమటి తీరమునకు పోయి, తన ప్రయాణ గ్రంథమును 1698లో ప్రకటించెను. గోవా ప్రాంతపు సారాయితో ఆంగ్లేయులు చేసికొను ఈ పానీయమునకు, అయిదు వస్తువులు కలియుటచే, అయిదు అను అర్థముగల హిందుస్తానీ పేరు కలిగినదని అతడు వ్రాసెను.

నిఘంటుకర్తలు మరియొక యుక్తిని కూడ చెప్పిరి. ఉత్తరదేశమున గుర్రములకిచ్చు ఒక మందునకు ముప్పదిరెండు దినుసులు పడునను భావముతో ‘బత్తీసీ’ యని పేరు. కూడిన వస్తువుల లెక్కను బట్టి కూడికకు పేరు పెట్టుట ఈ దేశపు వాడుకయే యని వారి యభిప్రాయము. ఈ యుక్తి సరియైనదే. శొంఠి, పిప్పలి, మిరియములు కలిసి త్రికటు వగుచున్నవి. కరక, తాని, ఉసిరిక కలిసి త్రిఫల యగుచున్నవి. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర కలిసి పంచామృతమగుచున్నవి. దశమూలము, పంచగవ్యము, పంచలోహము – ఇట్టి పేర్లు మన ఇండ్లలోను, గుడులలోను, వైద్యుల పెట్టెలలోను కావలసినన్ని కలవు.

కొందరు ఈ వ్యుత్పత్తిని ఖండించుచు, పూర్వపు వర్ణనలలో వస్తువుల సంఖ్య నిలకడగా లేదని ఆక్షేపింతురు. ఆ మాట నిజమే. 1638లో సూరతునకు వచ్చిన జర్మను యాత్రికుడు మాండెల్‌స్లో ఈ పానీయమును గూర్చి చెప్పుచు సారాయి, పన్నీరు, నిమ్మరసము, చక్కెర అని నాల్గింటినే పేర్కొనెను. 17వ శతాబ్దపు నడుమ మొగలు రాజ్యమున సంచరించిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, బెల్లపు సారాయి, నిమ్మరసము, నీరు, పైన కొంచెము జాజికాయ అని చెప్పెను. ఇవియు నాలుగే. అయినను ఈ యాక్షేపణ ఒక్కటియే చాలదు. మనకు దక్షిణమున ప్రసిద్ధమైన పళని పంచామృతమును చూడుడు. 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఆ ప్రసాదమున అరటిపండు, బెల్లము, ఆవునెయ్యి, తేనె, ఏలకులు అను అయిదు ప్రధానములుగా ఉండగా, ఖర్జూరమును కలకండయు కూడ చేరుచున్నవి. అయినను దానిని సప్తామృతమని ఎవరును అనుట లేదు. పేరు ఒకసారి నిలిచిన పిదప వస్తువులు పెరిగినను, తరిగినను పేరు మారదు. కావున వస్తువుల లెక్క తప్పినదను కారణముచే ‘పంచ’ పక్షమును త్రోసివేయుట న్యాయము కాదు.

ఆ పక్షమునకు నిజమైన చిక్కులు మరి మూడు కలవు.

మొదటిది కాలమునకు సంబంధించినది. ఆంగ్లమున ఈ మాట కనబడు తొలి లేఖ 1632వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీది. ఈస్టిండియా కంపెనీ కొలువులోని రాబర్ట్ ఆడమ్స్ అనునతడు మరియొక కంపెనీ ఉద్యోగికి వ్రాసినది. అందు పంచ్ అనగా ఏమో వివరణ లేదు. ఇంటిలో అందరు చక్కగా కలిసియుండుడనియు, పంచ్ త్రాగకుడనియు హెచ్చరించు భావమున ఆ మాట వచ్చినది. వివరింపకయే వాడబడినదనగా, అప్పటికే అది కంపెనీ వారికి పరిచితమైన మాట యని తెలియుచున్నది. ఫ్రయర్ ఈ దేశమున అడుగుపెట్టినది దానికి నలుబది యేండ్ల తరువాత. అతడు మాట పుట్టుటను చూచిన సాక్షి కాడు. తన కాలమున చెప్పుకొనుచుండిన దానిని వ్రాసినవాడు. పైగా వృత్తిచే వైద్యుడు. అయిదు మందుల కూడికకును, నాలుగు మందుల కూడికకును గ్రీకు సంఖ్యలతో పేర్లు పెట్టు తమ వైద్యుల వాడుకను అతడే ఆ సందర్భమున ఉదాహరించెను. అట్టివాని చెవికి ‘పాంచ్’ అను హిందుస్తానీ సంఖ్య వినబడినంతనే సంబంధము స్ఫురించుట సహజము. స్ఫురణ వేరు, సాక్ష్యము వేరు.

రెండవది ఉచ్చారణకు సంబంధించిన చిక్కు. 17వ శతాబ్దపు మొదటి భాగమున ఆంగ్లేయులు ఈ పదములోని అచ్చును నేటివలె అకారమునకు దగ్గరగా పలుకలేదు; ఉకారముగానే పలికిరి. ‘పుట్’, ‘పుల్’ వంటి మాటలలో ఆ పాత ఉకారము నేటికిని నిలిచియున్నది. ‘కట్’, ‘సన్’ వంటివానిలో తరువాత మారిపోయినది. అనగా ఆనాటి నావికుని నోట ఈ పానీయము ‘పుంచ్’. హిందుస్తానీ ‘పాంచ్’ లోని దీర్ఘమైన ఆకారము ‘పుంచ్’ ఎట్లు కాగలదు? ‘పండిత’ శబ్దమును ఆంగ్లేయులు ఉకారమునకు వాడు అక్షరముతోనే వ్రాయుదురు గదా యని కొందరు అడుగవచ్చును. ఆ యలవాటు స్థిరపడినది ఈ అచ్చు మార్పు బలపడిన కాలమున. 1632 నాటి మాటకు అది ఆధారము కాజాలదు. ఫ్రయర్ కూడ తన వ్యుత్పత్తికి అనుకూలముగా ‘పాంచ్’ అను ధ్వని వచ్చునట్లు అక్షరములను మార్చి వ్రాసియుండుట గమనింపదగినది.

ఇచ్చట ఇద్దరు పరదేశీయుల వ్రాతలు మనకు మేలైన సాక్ష్యములు. మాండెల్‌స్లో ఈ పానీయమును ‘పాలెపుంట్స్’ అనెను. బెర్నియే ‘బూల్‌పోంజ్’ అనెను. రెండును వింత పేర్లుగా తోచును గాని, వాని గుట్టు తేలికయే. గిన్నెకు ఆంగ్లమున ‘బౌల్’ అని పేరు. ‘గిన్నెడు పంచ్’ అను ఆంగ్లపు పలుకుబడిని విని, రెండు మాటలను ఒక్కటిగా అతికి, తమ తమ అక్షరములలో వ్రాసికొనిరి. వీరిరువురును ఈ దేశముననే ఉండి వ్రాసినవారు. ఈ పానీయమునకు బజారులో ‘పాంచ్’ అను దేశీయనామమే యుండినచో ఆకారముతో వ్రాసియుందురు. అట్లు గాక, ఒకరు ఉకారమును మరియొకరు ఓకారమును వ్రాయుట, గిన్నెను గూడ చేర్చి వ్రాయుట, వారు ఆ పేరును ఆంగ్లేయుల నోటనే వినిరని సూచించుచున్నది.

మూడవ చిక్కు మన వాడుకనుండియే వచ్చుచున్నది. లెక్కను బట్టి పేరు పెట్టుట మన యలవాటని పైన ఒప్పుకొంటిని. కాని ఆ పేర్లలో సంఖ్య ఒంటరిగా నిలువదు. పంచ-అమృతము, పంచ-గవ్యము, త్రి-ఫల అని సంఖ్య ప్రక్కన వస్తువు ఉండును. లేదా ‘బత్తీసీ’ యందువలె సంఖ్యకు ప్రత్యయమైనను చేరును. తీర్పు చెప్పు పెద్దను ఉత్తరదేశమున ‘పంచ్’ అందురు గాని అది మనుష్యులకు పేరు. ‘అయిదు’ అను వట్టి సంఖ్యతో ఒక పానీయమును పిలుచుట మన దేశపు పేర్ల తీరునకు ఒదుగదు. ఆరుబయట ఎవరైనను “ఒక గిన్నెడు అయిదు పోయుము” అని యడిగినచో మనకే నవ్వు వచ్చును.

ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు సయితము ఈ వ్యుత్పత్తియందు చిక్కులున్నవని చెప్పినది. ‘పంచియన్’ అను పీపాపేరునుండి కురుచయై ఈ పదము పుట్టియుండవచ్చునను మరియొక పక్షము కలదు. దానిని కూడ ఇదే త్రాసులో తూచవలెను. ఉచ్చారణకు అది చక్కగా సరిపోవును. నావికుల జీవితమునకును తగియున్నది. కాని మనకు కనబడు పాత వర్ణనలలో ఈ పానీయము పీపాతో గాక గిన్నెతో ముడిపడియున్నది. పీపానుండి గిన్నెకు వచ్చిన దారిని చూపు సాక్ష్యము లేదు. కావున దానికిని రసీదు లేదు.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకమైన ఒక ఆకర్షణ ఈ విషయమున కలదు. ఆ 1632 నాటి లేఖను అందుకొన్న వర్తకుడు ఉండిన చోటు ‘పెటపోలి’. అది మరి యేదియు కాదు; నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నము. 1611లో ‘గ్లోబ్’ అను ఆంగ్లేయుల ఓడ అచ్చటికి వచ్చి, అటనుండి మచిలీపట్నమునకు పోయినది. ఈ సంగతి తెలిసినంతనే, లోకమంతట వ్యాపించిన పంచ్ పదము తెలుగు తీరమున పుట్టినదని ప్రకటింప ఎవరికైనను ఉత్సాహము కలుగును. ఆ ఉత్సాహమును కొంచెము అణచుకొనవలెను. ఉత్తరము చేరిన ఊరు మాట పుట్టిన ఊరు కాదు. తపాలా కచేరీలో దొరకిన జాబులన్నియు ఆ కచేరీలోనే వ్రాయబడినవని ఎవరందురు? తెలుగునేల పుట్టినదైనచో దానిలో వినబడవలసినది ‘అయిదు’. మన వాడుకభాషలో ‘పంచ’ యనిన సంఖ్యకు ముందు ఇంటిముందరి వసారా తోచును. దొరలు పంచలో కూర్చుండి త్రాగిరి గనుక పంచ్ అయినదని మరియొకరు చెప్పినచో, ధ్వని యొక్కటే ప్రమాణమగు పక్షమున, కాదనుటకు మనకు ఆధారమేది?

ధ్వనిని మాత్రమే నమ్మినచో ఎంతదూరము పోవచ్చునో మన ఊరి పేరే చెప్పగలదు. నరికుడి యందలి ‘కుడి’కి తమిళమున నివాసమనియు, త్రాగుటయనియు రెండర్థములు కలవు. తెలుగువాని చెవికి అది ఎడమకు ఎదుటిదైన కుడి. ‘నరి’ యనిన తమిళమున నక్క. కావున నక్క నీరు త్రాగిన చోటని యొకరును, నక్క కుడిప్రక్కకు పోయిన చోటని మరియొకరును కథ చెప్పవచ్చును. కాని పరమకుడి, కారైకుడి, తూత్తుకుడి అను తోడిపేర్లను వరుసగా నిలిపి చూచినచో సంశయము తీరును. ఇన్ని ఊళ్లలోను త్రాగుడును, కుడిచేయియు ఉండజాలవు. జనులు కాపురమున్న చోటను అర్థమే అన్నింటికిని ఒదుగును. ఒంటరి పేరును నమ్మక, దాని తోబుట్టువులను విచారింపవలెనను నీతి దీనినుండి లభించుచున్నది.

ఇంతవరకు కాదనుటయే జరిగినది. విమర్శకుడు కాదనుటతో నిలువరాదు. అవుననదగిన దానిని కూడ చూపవలెను. పానీయముల పేర్లలో మన దేశమునుండి నిస్సంశయముగా వెడలినది ‘టాడీ’. మూలము హిందుస్తానీ ‘తాడీ’. అది తాటిచెట్టునకు పేరైన ‘తాడ్’ శబ్దమునుండియు, సంస్కృత ‘తాల’ శబ్దమునుండియు వచ్చినది. మన తాడి, తాటాకు, తాటిబెల్లము ఆ కుటుంబమునకు చుట్టములుగా వినబడుచున్నవి. 17వ శతాబ్దపు ప్రయాణికులు కొందరు ‘టారీ’ యనియు, కొందరు ‘టాడీ’ యనియు వ్రాసిరి. ఆ తడబాటే మంచి రసీదు. హిందుస్తానీ ‘తాడీ’లో నాలుక మడచి పలుకు హల్లు ఆంగ్లేయుని చెవికి ఒకమారు రకారముగను, ఒకమారు డకారముగను వినబడినదని అది తెలుపుచున్నది. ఇచ్చట వస్తువును కలదు, చెట్టును కలదు, ఉచ్చారణయు సరిపోవుచున్నది, వ్రాతసాక్ష్యమును కలదు. ఆ మాటయే 18వ శతాబ్దమున స్కాట్లండు చేరి, మద్యమున వేడినీరు, చక్కెర కలిపి త్రాగు మిశ్రమ పానీయమునకు పేరైనది. చలిదేశపు మనుష్యుడు తాటిచెట్టును చూడకయే తాటిచెట్టు పేరు పలుకుచున్నాడు! ఇంతకంటె గొప్ప వేరొకటి మనకు కావలెనా?

తమిళ సోదరులకును ఇట్టి రసీదుగల పద్దు ఒకటి కలదు. ఆంగ్లేయుల భోజనపు బల్లమీద ‘ముల్లగటానీ’ అను పేర వెలసిన చారు, ‘మిళగు’, ‘తణ్ణీర్’ అను రెండు తమిళ పదముల కూడిక. మిరియపు నీరని అర్థము. రెండు ముక్కలును వేరు వేరుగా గుర్తింపబడుచున్నవి; వస్తువు చెన్నపట్టణపు వంటయిండ్లనుండి పోయినది. దానిని మన మిరియాల చారుగా చాటుకొనుటకు మనకు హక్కు లేదు. ఆ పద్దును వారి ఖాతాలోనే వ్రాయుట ధర్మము. ‘కల్లు’ అను మాటయో, ఇరువురి ఖాతాలోను సమానముగా కలదు. అది కలహమునకు గాక చుట్టరికమునకు సాక్ష్యము.

ఒక విందు పానీయము పేరుకు ఇంత విచారణ ఏల యని పాఠకులడుగవచ్చును. సమాధానము మన పిల్లల విషయమున ఉన్నది. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలో మాట తెలుగు, చదువు తమిళము. 2006 నాటి తమిళ బోధన చట్టము పదవ తరగతి వరకు తమిళమును క్రమముగా తప్పనిసరి చేసిన పిదప, తెలుగులిపి పిల్లల కంటబడు సందర్భములు మరింత తగ్గినవి. అనేక గృహములలో ఇట్టి సంచికయే ఆ సంవత్సరమునకు వచ్చిన ఏకైక తెలుగు అచ్చుపుస్తకము కావచ్చును. అందు చదివిన మాటను బాలుడు బడిలో తోటివారితో ధైర్యముగా చెప్పును. ఎవరైనను నిఘంటువు తెరచి అది నిలువదని చూపినచో, వాడు సంచికను గాక భాషనే శంకించును. ఒక అబద్ధపు గొప్ప పది నిజమైన గొప్పలను వెంటబెట్టుకొని మునుగును.

కావున ‘పంచ్’ విషయమున నా తీర్పు ఇది. ‘పంచ’ శబ్దమునుండి అది పుట్టియుండుట అసంభవము కాదు. కాని ఋజువు కాలేదు. లెక్కలవారి భాషలో చెప్పవలెనన్న, దానిని అనామతు ఖాతాలో ఉంచవలెను. తగిన రసీదు దొరకినప్పుడు సరియైన ఖాతాకు మార్చుకొనవచ్చును. అంతవరకు సభలలో దానిని మన ఆస్తిగా చదువరాదు. టాడీని మాత్రము నిర్భయముగా ఈ దేశపు పద్దున వ్రాసికొనవచ్చును.

ఇంతకంటె అవసరమైన పని మరియొకటి మన చేతిలో కలదు. తాటిచెట్టు తమిళనాడునకు రాష్ట్రవృక్షము. మన చుట్టును ఆ చెట్లు నిలిచియున్నవి. 1987నుండి కల్లు గీత ఇచ్చట నిషిద్ధమైనను, కుండలోపల సున్నము పూసి పులియకుండ దించు పదనీరు వేసవిలో లభించుచునే యున్నది. కాని బజారులో అందరును ‘నుంగు’ అని కొనుచుండగా, దానికి ముంజె యని పేరున్నదని ఎందరు పిల్లలకు తెలియును? ‘పనంకిళంగు’ తినుచు దానిని తేగ యని ఎందరు పిలువగలరు? ‘కరుప్పట్టి’ తాటిబెల్లమని ఎందరెరుగుదురు? తమిళ పేర్లను నేర్చుట తప్పు కాదు; అవి మన పొరుగువారి పేర్లు, మనవియు అయినవి. కాని తాటిమట్ట, మోకు, ముంజె, తేగ మొదలగు తెలుగు మాటలు పెద్దల నాలుకపైనుండి జారిపోవుచున్నవి. వానికి నిఘంటుకారుల విచారణ అక్కరలేదు. సాక్షులు మన ఇండ్లలోనే వృద్ధులై కూర్చుండియున్నారు. మన సంఘము రాబోవు సంచికకు ప్రతి గ్రామమునుండి ఇట్టి మాటలను, పలికిన విధముననే వ్రాయించి, ప్రక్కన తమిళ నామమును చేర్చి ప్రకటించినచో, అది ఎవరును కాదనలేని పద్దగును.